పదిహేడు చెక్కల లెక్క

పెరూ దేశపు దక్షిణాన, పునో ప్రాంతంలో, ఆండీస్ కొండల తూర్పు వాలు మీద కుయో కుయో అనే ఊరుంది. కొండను మెట్లు మెట్లుగా చెక్కి, రాతి కట్టలు పేర్చి, ఆ మెట్ల మీద బంగాళాదుంప పండించుకునే చిన్న రైతుల ఊరు. 1980లలో కారల్ గోలండ్ అనే మానవశాస్త్ర పరిశోధకురాలు అక్కడి కుటుంబాల సేద్యాన్ని ఓపిగ్గా లెక్క కట్టారు. ఎవరికి ఎన్ని చెక్కలున్నాయి, ఏ చెక్కలో ఎంత పండింది, ఇంటి నుంచి చెక్కకూ ఒక చెక్క నుంచి ఇంకో చెక్కకూ నడవడానికి ఎంతసేపు పట్టింది, అన్నీ రాసుకున్నారు. సగటున ఒక్కో కుటుంబం 17 చెక్కలు సాగు చేస్తోంది. ఒక్కోటి సెంట్లలో చెప్పుకోవలసినంత చిన్నది. పోనీ అన్నీ ఒక్కచోట ఉన్నాయా అంటే అదీ లేదు. ఒకటి ఊరి వెనక, ఒకటి లోయ అడుగున, మరొకటి కొండ భుజం మీద. విత్తన దుంపలు మోసుకుని ఎక్కడం, పండిన బస్తాలు మోసుకుని దిగడం, నడుమ కాపలా. ఈ తిరుగుడు వల్ల ఆ కుటుంబాలు నికరంగా పోగొట్టుకుంటున్నది సుమారు 7 శాతం పంట అని గోలండ్ లెక్క తేలింది. ఎకరం పొలాన్ని అన్నదమ్ములు పంచుకుంటేనే గట్లకు నేల పోతుందని బాధపడే మనకు ఈ ఏర్పాటు శుద్ధ తెలివితక్కువగా కనిపిస్తుంది. కమతాలన్నీ ఒక్కచోటికి చేర్చి, నికార్సయిన ఒక్క రకం విత్తనం నాటితే ఆ 7 శాతం మిగులుతుంది కదా అని ఏ వ్యవసాయ నిపుణుడైనా అడుగుతాడు.

ఆ ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉంది: రైతుకు కావలసింది సగటు దిగుబడి పెరగడమేనని. అమ్ముకోవడానికి పండించే రైతుకు అది చాలావరకు నిజం. ఈ ఏడు తగ్గినా వచ్చే ఏడు పూడ్చుకోవచ్చు, నడుమ అప్పు తెచ్చుకోవచ్చు. పండిందే తినే కుటుంబానికి అలా కుదరదు. నాలుగేళ్ళు రెండింతలు పండి ఐదో ఏడు ఏమీ పండకపోతే సగటు బ్రహ్మాండంగా ఉంటుంది, పిల్లలు మాత్రం బతకరు. అలాంటి ఇంటికి చూసుకోవలసిన అంకె సగటు పంట కాదు, అతి చెడ్డ ఏటి పంట. ఆండీస్ సంప్రదాయ బంగాళాదుంప సేద్యంలో విడ్డూరంగా కనిపించే పద్ధతులన్నీ, చెక్కలను చెదరగొట్టడం, రకాలను కలిపి నాటడం, నేలను ఏళ్ళ తరబడి బీడు పెట్టడం, దుంపను గడ్డకట్టించి ఎండబెట్టడం, ఈ ఒక్క అంకెను పైకి లేపడానికి సరిగ్గా పనికొచ్చేవే. ఈ వ్యాసంలో నా వాదన ఇదే. అది ఎక్కడ గట్టిగా నిలబడుతుందో, ఎక్కడ బలహీనమో కూడా చూద్దాం.

ముందు చెక్కల సంగతి. ఊహకు ఒక లెక్క వేసుకుందాం. ఏ చెక్క అయినా ఐదేళ్ళకోసారి దెబ్బతింటుందనుకోండి. కుటుంబానికి ఒక్కటే చెక్క ఉంటే వెయ్యేళ్ళలో 200 ఏళ్ళు పస్తే. అదే నేలను నాలుగు చోట్ల పెడితే, ఒక చెక్క గతికీ మరో చెక్క గతికీ సంబంధం లేని పక్షంలో, సగానికి మించి చెక్కలు ఒకే ఏడు పోయే ఏళ్ళు వెయ్యికి 27. పదహారు చోట్ల పెడితే ఒకటో రెండో. సగటు దిగుబడి మూడు ఏర్పాట్లలోనూ ఒకటే, మారింది అట్టడుగు. ఇందులో కీలకమైన షరతు చెక్కలు విడివిడిగా దెబ్బతినడం. మన గోదావరి డెల్టాలో పదిహేడు చోట్ల మడులున్నా తుఫాను వస్తే అన్నీ ఒకేసారి మునుగుతాయి. ఆండీస్‌లో అలా కాదు. రాత్రిపూట చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్ళలాగే వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. లోయ అడుగున ఉన్న పైరు మంచుకు మాడిపోయిన రాత్రి, వంద అడుగుల పైన వాలు మీదున్న పైరు పచ్చగానే ఉంటుంది. వడగళ్ళు సన్నని పట్టీలుగా పడతాయి, ఈ గట్టుకు పడితే ఆ గట్టుకు పడవు. వాన ఎక్కువైతే పల్లం కుళ్ళుతుంది, తక్కువైతే మెరక ఎండుతుంది. ముక్కుపురుగు ఒక చేను పట్టి పక్క కొండను వదిలేయవచ్చు. గోలండ్ కొలిచిన పంటల్లోనూ ఇదే తేలింది. చెక్కల సంఖ్య పెరిగేకొద్దీ తిండి చాలని ఏడు వచ్చే అవకాశం తగ్గుతూ పోయి, ఒక సంఖ్య దాటాక దాదాపు మాయమైంది. చాలా కుటుంబాలు ఆ సంఖ్య మీద మరి రెండు మూడు చెక్కలు కలుపుకునే సాగు చేస్తున్నాయి. అంటే ఆ 7 శాతం వృథా పోయింది కాదు, కట్టిన బీమా ప్రీమియం. బీమా కంపెనీ లేని చోట నడకతో కట్టారు.

చోటులో చేసిన పనినే రకాల్లోనూ చేశారు. బంగాళాదుంపను మనిషి మచ్చిక చేసుకున్నది టిటికాకా సరస్సు ఉత్తరాన, దక్షిణ పెరూలో, సుమారు ఎనిమిది వేల ఏళ్ళ కిందట అని మొక్కల జన్యు పరీక్షలు చూపుతున్నాయి. అప్పటి నుంచి పోగైన స్థానిక రకాలు నాలుగు వేలకు పైమాటే. వాటిని 1971లో లిమాలో మొదలైన అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం భద్రపరుస్తోంది. మనం కూరగాయల బండి మీద చూసే దుంపతో వీటిని ఊహించుకోలేం. ఊదారంగువి, లోపల ఎర్రటి వలయాలున్నవి, కొమ్ములా వంపు తిరిగినవి, ప్యూమా పంజాలా వేళ్ళు చాచినవి. ఒంటినిండా బొడిపెలతో, ఒలిచే చేతికి చుక్కలు చూపించే ఒక దుంప పేరుకు అక్కడి క్వెచువా భాషలో అర్థం ‘కోడల్ని ఏడిపించేది’. కొత్త కోడలు దాన్ని వృథా చేయకుండా చెక్కు తీయగలదా అని అత్త పరీక్ష పెడుతుందట. ఈ విషయంలో ఖండాంతరాల తేడా ఏమీ ఉన్నట్టు లేదు. పెరూలోని హువాంకవెలికా ప్రాంతంలో ఇలాంటి రకాలను విడివిడిగా నాటరు. ఒకే చేలో కలిపి నాటి, కలిపి తవ్వి, కలిపి ఉడకబెడతారు. ఈ కలగలుపు చేనుకు వాళ్ళు పెట్టిన పేరు చక్రు. దుంపను నాటితే తల్లి మొక్క నకలే వస్తుంది కనుక ఒక రకం తరతరాలుగా అచ్చంగా అలాగే ఉంటుంది. కానీ పూత నిలిచి, పచ్చి టమాటా లాంటి చిన్న కాయ కాసి, అందులోని గింజ రాలి మొలిస్తే అది తల్లికీ తండ్రికీ భిన్నమైన కొత్త మొక్క. అలా చేలో దానంతటదే మొలిచిన దాని దుంప నచ్చితే రైతు దాచుకుంటాడు. నాలుగు వేల రకాలూ పుట్టిన దారి ఇదే.

ఈ మాట చెప్పగానే చాలామంది వ్యాసకర్తలు ఐర్లండ్ కథ ఎత్తుకుంటారు. 1845లో లేట్ బ్లైట్ తెగులు ఐర్లండ్‌లో దిగింది. అక్కడి పేదలు ఎక్కువగా నాటింది లంపర్ అనే ఒక్క రకం, అంటే లక్షల మొక్కలుగా కనిపించే ఒకే మొక్క. పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించి ఓడలెక్కారు. 1841 జనగణనలో 80 లక్షలు దాటిన జనాభా పదేళ్ళకు 65 లక్షలకు దిగింది. ‘ఒకే రకం నాటినందుకు శిక్ష, ఆండీస్ రైతులా వంద రకాలు నాటి ఉంటే బతికేవారు’ అనేది ఆ కథకు తగిలించే నీతి. ఇది సగమే నిజం. ఆండీస్ స్థానిక రకాల్లో చాలావాటికి కూడా లేట్ బ్లైట్‌ను తట్టుకునే శక్తి లేదు. ఆ తెగులును ఎదిరించే జన్యువులను ఇరవయ్యో శతాబ్దపు శాస్త్రజ్ఞులు మొదట తెచ్చుకున్నది మెక్సికో అడవి జాతుల నుంచి. ఆండీస్ ఎగువ చేలను చాలాకాలం కాపాడింది వైవిధ్యం కన్నా ఆ ఎత్తులోని చలి. అందువల్ల రకాలు కలిపి నాటడాన్ని అన్ని రోగాలకూ విరుగుడుగా చెప్పడం తప్పు. ఐర్లండ్ కరవుకు పాలకుల నిర్లక్ష్యం, ప్రజలు పస్తులుండగా ఆగకుండా సాగిన ధాన్యపు ఎగుమతులు కూడా కారణాలే. అయితే ఐర్లండ్‌లోనూ ఆండీస్‌లోనూ ఉన్న ఒక అసలు తేడాను ఈ కథ దాటవేస్తుంది. ఐర్లండ్ పేదవాడి దుంప వేసవి వచ్చేసరికి మొలకెత్తి కుళ్ళిపోయేది. కొత్త పంట వచ్చేదాకా మంచి ఏళ్ళలో కూడా వాళ్ళకు పస్తులే. ఆండీస్ రైతు దాచుకోగలిగేవాడు. ఎలాగో కాసేపట్లో చూద్దాం.

ఇంతకూ ఆ రైతులు నిజంగా ఇన్ని లెక్కలు వేసుకునే రకాలు కలుపుతున్నారా? ఈ అనుమానం న్యాయమైనదే. భూగోళ శాస్త్రజ్ఞుడు కార్ల్ జిమ్మరర్ కుస్కో ప్రాంతంలో పరిశీలించి, ఒక్కో రకం ఒక్కో మూలకే సరిపోతుందన్న పాత నమ్మకాన్ని సవరించారు. చాలా స్థానిక రకాలు విశాలమైన ఎత్తుల మేరలో పండుతాయి. స్టీఫెన్ బ్రష్ వంటి పరిశోధకులు చూసినదాన్ని బట్టి రైతులు తమ రకాలను పెంచుకోవడంలో రుచికి చాలా పెద్ద పాత్ర ఉంది. తోలుతో ఉడకబెట్టి, పగిలితే పిండిలా రాలే దుంప కావాలి వాళ్ళకు. రోజుకు మూడు పూటలా దుంపే తినే ఇంట్లో ఒక్కటే రుచి ఉంటే ముద్ద దిగుతుందా? అతిథికి పెట్టేది వేరు, చారులోకి వేరు, పెళ్ళికి ఇచ్చేది వేరు. మన ఇళ్ళలో ఆవకాయ మామిడి వేరు, రసాల మామిడి వేరు అయినట్టే. నా మాట ఏమిటంటే, ఉద్దేశం రుచి కావచ్చు, ఫలితం మాత్రం రక్షణ కూడా. పెందరాళే పండేవి, ఆలస్యంగా పండేవి, మంచుకు ఓర్చేవి, వానకు ఓర్చేవి ఒకే చేలో ఉన్నప్పుడు ఏ ఒక్క దెబ్బా చేనంతటినీ ఒకేలా తాకదు. ఎందుకు చేస్తున్నావని అడిగితే రైతు చెప్పే జవాబూ, ఆ పని ఎందుకు తరతరాలు నిలిచిందన్న జవాబూ ఒకటే కానక్కర లేదు. మన పెద్దలు పులియబెట్టిన పిండిని రుచి కోసమే ఇష్టపడ్డారు. సూక్ష్మజీవులు చేసే మేలు వాళ్ళు చెప్పకపోయినా జరిగింది.

నేలకు ఇచ్చే విరామం దగ్గర ఈ లెక్క ఇంకా స్పష్టం. చాలా ఊళ్ళలో ఎగువ భూమిని ఏడెనిమిది భాగాలుగా విడగొట్టి, ఏటా ఏ భాగం తెరవాలో ఊరంతా కూర్చుని తీర్మానిస్తారు. పెరూలో దీన్ని లాయ్మీ అంటారు, బొలీవియాలో అయ్‌నోకా. తెరిచిన భాగంలో ప్రతి ఇంటికీ కొన్ని పట్టీలుంటాయి. మొదటి ఏడు దుంప, రెండో ఏడు ఓకా వంటి వేరే దుంపలు, మూడో ఏడు బార్లీ లేదా చిక్కుడు జాతి గింజలు, ఆ తర్వాత ఏళ్ళ తరబడి బీడు. బీడులో గొర్రెలూ లామాలూ మేస్తాయి, పెంట నేలకు చేరుతుంది. బయటివాళ్ళు దీన్ని సారం కోసమే అనుకున్నారు. మట్టిలోకి తొంగి చూస్తే ఇంకో కారణం కనబడుతుంది. బంగాళాదుంప వేళ్ళను పట్టే ఒక నులిపురుగు ఉంది. ఆడపురుగు చచ్చి, వందల గుడ్లున్న గట్టి తిత్తిగా మట్టిలో మిగులుతుంది. దగ్గరలో బంగాళాదుంప వేరు పెరిగి, దాని ఊట తగిలితేనే గుడ్లు పెద్దఎత్తున పగులుతాయి. దుంప నాటకపోతే అవి ఎదురు చూస్తూనే ఉంటాయి, ఏటేటా కొన్ని మాత్రం నశిస్తాయి. ఒకటి రెండేళ్ళు పంట మారిస్తే ఈ పురుగుకు చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆరేడేళ్ళ విరామం అయితే సంఖ్య బాగా పడిపోతుంది. ఊరంతా కలిసి ఒకే భాగాన్ని మూయడంలోని కిటుకు కూడా ఇదే. ఒక్కడు తన పట్టీలో దొంగచాటుగా దుంప నాటినా, అందరి నేలలోనూ పురుగును పోషించినట్టే. ఊరి కట్టుబాటు లేకుండా ఒంటరి రైతు చేయగలిగిన పని కాదిది.

ఇక దాచుకోవడం. బంగాళాదుంపలో అయిదింట నాలుగు వంతులు నీళ్ళే. వరి, జొన్న గింజలకు లేని ఈ బలహీనత వల్ల దుంప తినే జాతులు చాలావరకు ఒక పంట నుంచి ఇంకో పంట దాకా ఈదుకురావలసిందే. చెక్కలను ఎంత చెదరగొట్టినా దేశమంతా అనావృష్టి వచ్చిన ఏడు అన్నీ ఒకేసారి పోతాయి. నేను పైన వేసిన వెయ్యేళ్ళ లెక్క చెల్లనిది అక్కడే. ఆ ఏటికి మందు నిరుటి పంటలోనో, అంతకు ముందు పంటలోనో ఉండాలి. ఆండీస్ ప్రజలు దానికి కనిపెట్టిన పదార్థం చూన్యో. జూన్, జూలై నెలల్లో అక్కడ పొడి చలికాలం. నాలుగు వేల మీటర్ల ఎత్తున రాత్రి ఉష్ణోగ్రత సున్నాకు చాలా కిందికి దిగుతుంది, పగలు ఎండ కరకరలాడుతుంది. దుంపలను గడ్డి నేల మీద పరిచి రాత్రి వదిలేస్తారు. లోపలి నీరు గడ్డకట్టి, మంచు స్ఫటికాలు కణాల గోడలను చీలుస్తాయి. పొద్దెక్కాక దుంప కరిగి మెత్తని స్పంజిలా అవుతుంది. ఇలా కొన్ని రాత్రులు గడిచాక ఆడా మగా కలిసి కాళ్ళతో తొక్కి నీరు పిండుతారు, తోలు ఊడుతుంది. తర్వాత ఎండబెడతారు. అంత ఎత్తున గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే అయిదింట మూడు వంతులే, తేమ అతి తక్కువ. నీరు త్వరగా ఎగిరిపోయి, అయిదు కిలోల దుంప ఒక కిలో గులకరాళ్ళలా మిగులుతుంది. ఫ్యాక్టరీలు శూన్యపు గదుల్లో చేసే ఫ్రీజ్ డ్రైయింగ్‌తో దీన్ని తరచూ పోలుస్తారు. ఖచ్చితంగా అదే కాదు, ఎందుకంటే ఇక్కడ మంచు నేరుగా ఆవిరి కాకుండా మధ్యలో కరిగి పిండబడుతోంది. ఫలితం మాత్రం దగ్గరిదే. పొడిగా ఉంచితే చూన్యో ఏళ్ళ తరబడి చెడదు. ఇన్కా రాజ్యం కొండల మీద కట్టించిన గాదెల్లో ఉన్నదీ ఇదే, తర్వాత స్పానిష్ వాళ్ళ పోటోసీ వెండి గనుల్లో కూలీల కడుపు నింపిందీ ఇదే.

చూన్యో పంటను కాలంలోకే కాదు, కొండ పైకి కూడా మోసుకుపోయింది. మామూలు బంగాళాదుంప మంచుకు తాళలేని ఎత్తుల్లో సున్నాకు మూడు నాలుగు డిగ్రీలు దిగినా తట్టుకునే చేదు జాతులు పండుతాయి. వాటి చేదుకు కారణం గ్లైకో ఆల్కలాయిడ్లు అనే విషాలు. వెలుతురు తగిలి పచ్చబడిన దుంపను మన ఇళ్ళలో పారేయమనేది కూడా వీటి వల్లే. మంచు తొక్కుడు తర్వాత ఆ దుంపలను కొన్ని వారాలు పారే నీళ్ళలో నానబెట్టి మళ్ళీ ఎండబెడితే విషం కొట్టుకుపోయి, సుద్దలాంటి తెల్లని తుంటా మిగులుతుంది. నీళ్ళతో పాటు విటమిన్ సి, కొంత మాంసకృత్తులూ పోతాయి, ఆ నష్టం ఒప్పుకోవలసిందే. వీటిలో ఒక జాతిని, 1920లలో ఆండీస్ తిరిగిన సోవియట్ వృక్షశాస్త్రజ్ఞుడు యుజెప్చుక్ పేరిట పిలుస్తారు. మంచును లెక్కచేయని ఒక అడవి జాతికీ, పెంచే దుంపకూ ఎప్పుడో జరిగిన సంకరం అది. దాని కణాల్లో క్రోమోజోములు మూడు సెట్లు, మొత్తం 36. బేసి సెట్ల వల్ల అది గింజ కట్టలేదు. తన అంతట తాను ఒక్క బిడ్డను కూడా కనలేని ఈ మొక్క వేల ఏళ్ళుగా బతికి ఉందంటే, ప్రతి ఏడూ ఎవరో ఒకరు దాని దుంపను దాచి మళ్ళీ నేలలో పెట్టారన్న మాట. చేదు దుంపలను తినడానికి ఇంకో ఉపాయమూ ఉంది. చాకో అనే మెత్తని బంకమట్టిని నీళ్ళలో కలిపి దుంపకు అద్దుకుని తింటారు. తిమోతీ జాన్స్ అనే శాస్త్రజ్ఞుడు పరీక్షించి, ఆ మట్టి రేణువులు విషాన్ని తమకు అంటించుకుంటాయని చూపించారు. మట్టి తింటారని చిన్నచూపు చూసినవాళ్ళకు అది మంచి జవాబు.

ఇప్పుడు బలమైన ఆక్షేపణ. ఎన్ని చెప్పినా దిగుబడి తక్కువ. ఆండీస్ స్థానిక రకాల చేలు తరచూ హెక్టారుకు పది టన్నులు కూడా దాటవు. భారతదేశపు సగటు ఇరవై టన్నులు మించింది, నెదర్లాండ్స్ నలభై దాటింది. పెరిగే పట్టణాలను ఈ చక్రు చేలు పోషించగలవా? పోషించలేవు, వాటిని ఆ పని అడగడమే తప్పు. తోటి పంటలతో పోల్చేటప్పుడు నేలను కూడా పోల్చాలి. నాలుగు వేల మీటర్ల ఎత్తున, ఎద్దులు కూడా నిలదొక్కుకోలేని వాలు మీద, చకితక్లా అనే పాదపు గునపంతో తిరగేసిన నేలలో, ఎరువుగా గొర్రె పెంటతో పండే పంటను సముద్ర మట్టపు సమతల భూమితో పోల్చి మార్కులు వేయడం సరికాదు. పైగా ఈ రైతులు మేలురకాలను వద్దని మూసుకుని కూర్చోలేదు. బ్రష్, ఆయన సహచరులు 1990ల మొదట్లో చూపిన విషయం గమనించదగ్గది. పెరూ లోయల్లోని కుటుంబాలు బజారుకు యుంగాయ్ లాంటి మేలురకాలను విడిగా ఎరువులేసి పండిస్తూనే, ఇంటికి స్థానిక రకాలను నాటుకుంటున్నాయి. మేలురకాలు పాతవాటి విస్తీర్ణాన్ని తగ్గించాయి, తుడిచిపెట్టలేదు. సగటు పెంచే చేను ఒకటి, అట్టడుగును కాపాడే చేను ఒకటి. నిపుణులకు పరస్పర విరుద్ధంగా కనబడిన రెంటినీ ఆ ఇళ్ళు పక్కపక్కనే నడిపాయి.

రెండో ఆక్షేపణ దీనికన్నా నొప్పి కలిగించేది. ఇంత తెలివైన సేద్యమైతే ఆ రైతులు ఇంకా పేదలుగా ఎందుకున్నారు? స్థానిక రకాలకు పేరుపడ్డ హువాంకవెలికా పెరూలో పిల్లల పోషకాహార లోపం తీవ్రంగా ఉన్న ప్రాంతాల్లో ఒకటి. చేలో వైవిధ్యం ఉన్నంత మాత్రాన పళ్ళెంలో పప్పూ పాలూ ఉండవు. నిజానికి ఈ పద్ధతి ఇచ్చిన హామీ పస్తు లేకుండా చూడటం వరకే, బతుకు పైకెదగడం దానివల్ల అయ్యే పని కాదు. మంచి నేలలు ఎప్పుడో లోయల్లోని దొరల చేతుల్లోకి పోయి, మిగిలిన రాళ్ళ నేలలో పుట్టిన జాగ్రత్త ఇది. దాన్ని చూసి ముచ్చటపడి ఫొటోలు తీసుకుని, ఇలాగే ఉండండి అని దీవించి రావడం అన్యాయం. పైగా ఆ పద్ధతి పునాదులు కూడా కదులుతున్నాయి. జనం పెరిగి బీడు ఏళ్ళు తగ్గాయి, నులిపురుగుకు ఊపిరి దొరికింది. కుర్రవాళ్ళు లిమా వెళ్ళిపోతే పదిహేడు చెక్కలకు నడిచే కాళ్ళు లేవు. గాలి వేడెక్కి లేట్ బ్లైట్ పైకి ఎక్కుతోంది. చలిని నమ్ముకున్న చేలకు చలి తగ్గితే చూన్యో తయారు చేసే రాత్రులూ తగ్గుతాయి. కుస్కో దగ్గర పిసాక్ ఎగువన క్వెచువా సమాజాలు కలిసి నడుపుకుంటున్న బంగాళాదుంప వనంలో రైతులు తమ రకాలను పెద్దలు నాటిన ఎత్తుకన్నా పైకి జరుపుతున్నారు. కొండ ఎక్కేకొద్దీ నేల సన్నబడుతుంది.

అలాంటప్పుడు రకాలన్నిటినీ ప్రయోగశాలలో గాజు గొట్టాల్లో దాచి, రైతును వదిలేయవచ్చు కదా? లిమా కేంద్రం చేస్తున్నది అమూల్యమైన పని. మొక్క కొనలను ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల వద్ద నిద్రపుచ్చి ఉంచగలదు. కానీ గొట్టంలోని మొక్క దాచిన రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. చేలో గింజ మొలుస్తుంది, కొత్త తెగులు వస్తుంది, కొన్ని పోతాయి, కొన్ని నిలుస్తాయి. ఎంపిక ఆగదు. చేను లేని బ్యాంకు పాత నాణేల పెట్టె. బ్యాంకు లేని చేను ఒక్క యుద్ధానికో ఒక్క తెగులుకో తుడుచుకుపోతుంది. ఈ రెండూ ఒకదానికొకటి అక్కరకు వచ్చిన సందర్భం ఉంది. 2004 చివర్లో లిమా కేంద్రం పిసాక్ సమాజాలతో ఒప్పందం చేసుకుని, ఒకప్పుడు ఆ ప్రాంతం నుంచే సేకరించిన 400కు పైగా రకాలను, వైరస్‌లు తొలగించిన శుభ్రమైన విత్తనంగా తిరిగి ఇచ్చింది. తమ చేలలో కనబడకుండా పోయిన రకాలను రైతులు మళ్ళీ నాటుకున్నారు.

వైరస్ మాట వచ్చింది కనుక ఆండీస్ అలవాటు ఒకటి మన దగ్గరకు నేరుగా వస్తుంది. అక్కడ విత్తన దుంప ఎప్పుడూ పై ఊళ్ళ నుంచి కింది ఊళ్ళకు దిగుతుంది. వైరస్‌ను మోసే పేనుబంక చలిలో పెరగదు కనుక ఎత్తున పండిన విత్తనం శుభ్రంగా ఉంటుంది. భారతదేశంలోనూ చాలాకాలం విత్తనం హిమాలయ కొండల నుంచే దిగేది. సిమ్లాలోని కేంద్రీయ బంగాళాదుంప పరిశోధనా సంస్థ, ఉత్తరాది మైదానాల్లో పేనుబంక తక్కువగా ఉండే శీతాకాలపు వారాల్లోనే విత్తన పంట ముగించి, పురుగు పెరిగేలోపే తీగ కోసేసే పద్ధతి నేర్పాక అది మారింది. మన దగ్గర అంత చలి అంతకాలం నిలవదు. జహీరాబాద్ రైతు ఆలుగడ్డ అన్నా, పలమనేరు రైతు ఉర్లగడ్డ అన్నా, కోస్తాలో బంగాళాదుంప అన్నా, విత్తనం మాత్రం ఎక్కువగా ఉత్తరాది నుంచి లారీల్లో రావలసిందే. బస్తా విప్పితే సిమ్లా సంస్థ విడుదల చేసిన కుఫ్రి రకాలు ఒకటో రెండో. అమ్మకపు పంటకు అందులో తప్పేమీ లేదు. అయితే ఆ ఒక్క రకానికి కొత్త తెగులు వచ్చిన ఏడు, లేదా డిసెంబరు వేడెక్కి దుంప ఊరని ఏడు, చెదరగొట్టిన చెక్కలు లేవు, చూన్యో లేదు. ఉన్నది అప్పు ఒక్కటే. జహీరాబాద్ మెట్ట చేలలోనే జొన్న, సజ్జ, కంది, అలసంద కలిపి చల్లే పాత అలవాటు ఇంకా బతికి ఉంది. ఆ చేను వేసుకున్న రైతు పెరూ చెక్కల లెక్కను ఎవరూ చెప్పకుండానే అర్థం చేసుకుంటాడు.

మన వ్యవసాయ గణాంకాల పట్టికల్లో ప్రతి పంటకూ ప్రతి జిల్లాకూ సగటు దిగుబడి ఉంటుంది. ఒక రకాన్ని విడుదల చేసేటప్పుడు ప్రకటించేదీ సగటే. ఆ గడి పక్కనే ఇంకో గడి చేర్చమని అధికారులను అడగాలి: గడచిన పదేళ్ళలో అతి చెడ్డ ఏట ఎకరానికి ఎన్ని బస్తాలు వచ్చాయి అని. చిన్న రైతు విత్తనం కొనే ముందు చూసుకోవలసిన అంకె అది, ఇప్పుడు అతనికి ఏ పట్టికలోనూ సులువుగా దొరకనిది కూడా అదే.